హరిత విద్యుత్తు - దాని వెల, దాని లెక్క

ఆరాంఘర్ దాటి బెంగుళూరు బాటపై శంషాబాదునకు పోవువారు దారిలో గగన్‌పహాడ్ గ్రామమును చూతురు. ఆకాశపు గుట్ట యని ఆ పేరునకు అర్థము. అచ్చట చిన్న కార్ఖానాలును, గిడ్డంగులును విస్తారముగా కలవు. ఆ ప్రాంతముననే 2008 మార్చిలో తెఱవబడిన అంతర్జాతీయ విమానాశ్రయము కలదు. కార్ఖానాలకును, విమానాశ్రయమునకును విద్యుత్తును సరఫరా చేయునది తెలంగాణ దక్షిణ పంపిణీ సంస్థయే. తీగలు ఆ సంస్థవే, ప్రవాహము ఒక్కటే. అయినను తమ అవసరములన్నియు హరిత విద్యుత్తుతోనే తీరునట్లు ఏర్పాటు చేసికొంటిమని 2023లో విమానాశ్రయమువారు ప్రకటించిరి. తమ యావరణమున నెలకొల్పిన 10 మెగావాట్ల సౌరకేంద్రమునుండి కొంత భాగమును పొందుచు, తక్కినదానిని పంపిణీ సంస్థనుండి హరిత విద్యుత్తను పేరున కొనుటచేత వారికిది సాధ్యమైనది. పొరుగున నున్న కార్ఖానాదారుడో, ఆ పేరునకు ప్రత్యేకముగా మూల్యము చెల్లింపలేదు గనుక, బొగ్గు విద్యుత్తును వాడువాడుగనే లెక్కకు వచ్చుచున్నాడు.

ఒకే తీగలపై ప్రవహించు విద్యుత్తు ఒక గడపలో పచ్చనిదియు, మఱియొక గడపలో నల్లనిదియు ఎట్లగును? ఆ తేడాకు వెల కట్టువారెవరు? ఆ వెలకు మారుగా కొనుగోలుదారునకు దక్కున దేమి? పరిశ్రమలు నడుపువారికి మాత్రమే సంబంధించిన ప్రశ్నలుగా ఇవి పైకి కనబడును గాని, నెల నెల విద్యుత్ బిల్లు చెల్లించు ప్రతి గృహస్థునకును, మోటారు పంపుపై ఆధారపడిన ప్రతి రైతునకును ఇందు పాలున్నది. ఎట్లున్నదో విన్నవింప ప్రయత్నింతుము.

ముందుగా విద్యుత్తు స్వభావము నెఱుగవలెను. నాలుగు వాగులనుండి నీరు వచ్చి చేరు చెఱువు నొకదానిని పాఠకులు తలంచుకొందురు గాక. తూము క్రింది రైతు తన మడికి పాఱిన నీరు తూర్పు వాగుదేయని చెప్పజాలడు. చెఱువున కలిసిన పిమ్మట ఏ నీటికిని గుర్తుండదు. విద్యుత్తును అట్టిదే. రామగుండము బొగ్గు కేంద్రములనుండియు, శ్రీశైలము జలకేంద్రమునుండియు, పాలమూరు సీమలోని సౌరఫలకములనుండియు వచ్చిన విద్యుత్తు ఒకే మహాజాలమున కలియుచున్నది. ఎవరి దీపమున ఏ కేంద్రపు విద్యుత్తు వెలుగుచున్నదో విడదీసి చూపు యంత్రము లేదు. కావున హరిత విద్యుత్తును కొనుట యనగా వస్తువును వేఱుగా తెచ్చుకొనుట కాదు. లెక్కలలో తన పేర వ్రాయించుకొనుట. ఇందు దోషమేమియు లేదు. నాలుగు వాగులనుండి వచ్చిన నీటిని కొలిచి, వంతులవారీగా పంచి, పుస్తకమున వ్రాసియుంచిన నీరుకట్టువాని లెక్కను మన పల్లెలు తరతరములుగా నమ్మినవి. కాని ఆ నమ్మకమునకు మూలము లెక్క యొక్క నిజాయితీ. లెక్క తప్పిననాడు తూర్పు వాగు నీరను మాట నేతి బీరకాయలోని నెయ్యివంటిదగును.

ఈ దేశమున ఇట్టి లెక్క మొదట ధ్రువపత్రముల రూపమున వచ్చినది. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2010 జనవరిలో నియమావళిని ప్రకటించెను; 2011లో ఎక్స్చేంజీలలో క్రయవిక్రయములు మొదలైనవి. పద్ధతి సులభముగనే యున్నది. సౌరమో, వాయుజన్యమో యైన విద్యుత్తును ఒక మెగావాట్-గంట, అనగా 1000 యూనిట్లు, ఉత్పత్తి చేసినవానికి ఒక పత్రము లభించును. అతడు విద్యుత్తును సామాన్యమైన ధరకు ఒకరికిని, దాని హరితత్వమును పత్రరూపమున వేఱొకరికిని అమ్ముకొనవచ్చును. ప్రతి పంపిణీ సంస్థయు తన సరఫరాలో ఇంత పాలు పునరుత్పాదక విద్యుత్తు ఉండవలెనని విధి కలదు. ఎండయు గాలియు తక్కువైన రాష్ట్రముల సంస్థలు, వస్తువు దొరకనప్పుడు పత్రములను కొని ఆ విధిని తీర్చుకొనవచ్చునని ఏర్పాటు.

ఈ పత్రముల ధరచరిత్ర మిక్కిలి బోధకరము. ఆరంభమున సౌరపత్రమునకు కనిష్ఠధర 12,000 రూపాయలు, గరిష్ఠధర 17,000 రూపాయలు. అనగా యూనిట్టు హరితత్వమునకే 12 మొదలు 17 రూపాయలవఱకు. 2015లో కనిష్ఠధర 3,500కు దిగినది. 2017లో 1,000కి దిగినది. 2020లో కనిష్ఠధరయే తీసివేయబడినది. పిమ్మట వ్యాజ్యములచేత ఏడాదికి పైగా వ్యాపారము నిలిచిపోయి, 2021 నవంబరులో మరల సాగినది. 2022 డిసెంబరులో అమలునకు వచ్చిన క్రొత్త నియమావళి కనిష్ఠ గరిష్ఠ ధరలను రెంటిని రద్దుచేసి, సౌరము, సౌరేతరము అను భేదమును తొలగించి, ధరను విపణికే విడిచినది. 2024 మధ్యకు పత్రము వెల నూఱు రూపాయలకు కొంచెము పైన పలికినది. 2025లో మూడువందల పైచిలుకునకు లేచినది. అనగా యూనిట్టునకు 10 పైసలు మొదలు 35 పైసల దాపున. ఒకనాడు 12 రూపాయలు పలికిన హరితత్వమిది!

ఈ పతనమునకు హేతువులు రెండు. సౌరఫలకముల వెల తగ్గుట మొదటిది, ఇది సంతోషింపదగినదే. రెండవది అంత సంతోషకరము కాదు. విధి ప్రకారము కొనవలసిన పంపిణీ సంస్థలు అనేకము కొనలేదు; కొననివారిని దండింపవలసిన మండలులు పలుచోట్ల గడువులు పొడిగించుచు ఊరకుండినవి. ఒక దశలో అమ్ముడుపోని పత్రములు కోటికి మించి పేరుకొనినవి. శాసనముచేత పుట్టిన సరుకు శాసనము గట్టిగా నడచినంతవఱకే వెల పలుకును. శాసనము సడలిననాడు దాని విలువ కాగితపు విలువయే.

ఇప్పుడు మన రాష్ట్రమున నడచుచున్న పద్ధతికి వత్తము. ఇచ్చట కొనుగోలుదారుడు ఎక్స్చేంజీకి పోనక్కఱలేదు. పంపిణీ సంస్థనే అడిగి, మామూలు ధరపై కొంత అధికము చెల్లించినచో అతని వాడకమును హరిత విద్యుత్తుగా లెక్కింతురు. దీనినే గ్రీన్ టారిఫ్ అందురు. మహారాష్ట్ర మండలి 2021లో ఈ అధికమును యూనిట్టునకు 66 పైసలుగా నిర్ణయించినది. తెలంగాణ మండలి 2022 మార్చినాటి టారిఫ్ ఉత్తర్వున అదే 66 పైసలను ఆమోదించినది. అంకె యొక్కటే, అయినను రెండు రాష్ట్రముల కొనుగోలు ఒడంబడికలు ఒక్కటి కావు, బొగ్గు వ్యయము ఒక్కటి కాదు, సౌర వాయు కేంద్రముల పాళ్లు ఒక్కటి కావు. వ్యయమునుబట్టి వచ్చిన వెలయైనచో ఇంత చక్కగా సరిపోవుట ఆశ్చర్యమే. పొరుగువాని అంగడిలోని వెలచీటిని చూచి మన యంగడిలో వెల వ్రాసినట్లున్నదని ఎవరైన ననినచో, సమాధానము చెప్పవలసిన భారము ధర నిర్ణయించినవారిపై నున్నది.

గగన్‌పహాడున నెలకు 1 లక్ష యూనిట్లు వాడు కార్ఖానాదారు నొకనిని ఊహింతము. 2022-23 పట్టిక ప్రకారము 11 కిలోవోల్టుల పరిశ్రమకు యూనిట్టు ధర 7 రూపాయల 65 పైసలు. డిమాండు ఛార్జీ వగైరాలు గాక నెలకు 7,65,000 రూపాయలు. ఇతడు హరిత విద్యుత్తును కోరినచో అదనముగా 66,000 రూపాయలు, అనగా నూటికి ఎనిమిదిన్నర పాళ్లకు పైగా చెల్లింపవలెను. అంతే హరితత్వమును పత్రములుగా కొనినచో 100 పత్రములు చాలును. పత్రము 350 రూపాయలైనచో 35,000. 120 రూపాయలైనచో 12,000 మాత్రమే. ఒకే పేరుగల సరుకు ఒక అంగడిలో 12,000కును, వేఱొక అంగడిలో 66,000కును అమ్ముడగుచున్న దన్నమాట. ఈ రెండవ అంగడివాడు తన సరుకు మేలైనదని చూపగలిగినచో అధికధర న్యాయమే. చూపలేనిచో, కొనువాడు మోసపోయినట్లే.

మేలైనదని చూపు మార్గము లేకపోలేదు. ఎక్కడో రాజస్థానముననో గుజరాతుననో పుట్టిన పత్రముకంటె, మన పంపిణీ సంస్థ మన కొనుగోలుదారుని కోరికపై క్రొత్తగా ఒడంబడిక చేసికొని తెచ్చిన సౌరవిద్యుత్తు నిస్సందేహముగా మేలైనది. అచ్చట ధనము ఒక క్రొత్త కేంద్రమునకు పునాది యగును. కాని పంపిణీ సంస్థ చూపు హరిత విద్యుత్తు ఏ కేంద్రములనుండి వచ్చుచున్నది? పూర్వమే, వేఱు కారణములచేత, విధి తీర్చుకొనుటకై చేసికొనిన ఒడంబడికల నుండియేనా? అట్లయినచో కథ మాఱిపోవును.

ఈ పాత ఒడంబడికల సంగతి కొంత చెప్పవలసియున్నది. సౌరఫలకములు ప్రియముగా నున్న దినములలో మన రాష్ట్రములు యూనిట్టునకు ఐదు ఆఱు రూపాయలిచ్చి ఇరువదియైదేండ్ల ఒడంబడికలు చేసికొనెను. 2015లో తెలంగాణ టెండర్లలో అతి తక్కువ ధరయే ఐదు రూపాయలు దాటియుండెను. రెండేండ్లకే, 2017 మేలో రాజస్థానమునందలి భడ్లాలో 2 రూపాయల 44 పైసల ధర వచ్చినది. 2020 డిసెంబరున గుజరాతులో 2 రూపాయలకు లోపునకే దిగినది. ఆంధ్రప్రదేశమున పాత ధరల భారమే 2019లో పెద్ద వివాదమునకు దారి తీసెను. వాయు సౌర కేంద్రముల ఒడంబడికలను తిరుగదోడ అచ్చటి ప్రభుత్వము తలపెట్టగా, ఒప్పుకొనిన ధరనే చెల్లింపవలెనని ఉన్నత న్యాయస్థానము 2022 మార్చిలో తీర్పు చెప్పినది. మాట ఇచ్చి తప్పరాదని చెప్పిన ఆ తీర్పు మాకు సమ్మతమే. మేము ఎత్తిచూపుట మఱియొక సంగతిని. ఆ ప్రియమైన ధరలను ఇన్నాళ్లు భరించినవారెవరు? సమస్త వినియోగదారులు. గుడిసెలో రెండు దీపములు వెలిగించుకొను కూలియు, బజారులో దుకాణము నడుపు వైశ్యుడును, రైతుల పంపులకై సబ్సిడీ నిచ్చు ఖజానాను నింపు పౌరుడును. వారందఱి ధనముచేత పుట్టిన విద్యుత్తు యొక్క పచ్చదనమును ఇప్పుడొక పెద్దసంస్థకు అమ్మి, ఆ సంస్థ మేము నూటికి నూఱుపాళ్లు పరిశుద్ధులమని చాటుకొనుట అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లే యగును.

దీనికి పంపిణీ సంస్థ పక్షమున చెప్పదగిన జవాబు లేకపోలేదు. ఆ 66 పైసలు సంస్థ ఆదాయములో చేరును, ఆదాయమెంత పెరిగిన ఇతరుల టారిఫ్ భారమంత తగ్గును, కావున పాత భారమును మోసినవారికే మేలు మరలివచ్చుచున్నదని వారనవచ్చును. ఈ వాదమున బలమున్నది. కాని ఆ మేలు ఎంతయో అంకెలతో చూపినప్పుడే అది వాదము; చూపనంతకాలము అది మాటయే. అదియు గాక, క్రొత్త సౌరవిద్యుత్తు పగటివేళ బొగ్గు విద్యుత్తుకంటెను చౌకగా లభించు ఈ దినములలో హరితత్వమునకు అధికధర ఏల యను ప్రశ్న మిగిలియే యున్నది. నిల్వయంత్రములతో కూడిన సౌరవిద్యుత్తుసైతము 2024 టెండర్లలో మూడున్నర రూపాయల దాపున లభించినది. హరిత విద్యుత్తు చౌకయని ప్రభుత్వములు ఒక నోట పలుకుచు, అది ప్రియము గనుక అధికమిమ్మని వేఱొక నోట పలుకుట పొసగదు.

అసలు చిక్కు వేఱొకచోట నున్నది. అదియే ఒక యూనిట్టును రెండుసార్లు లెక్కించుట. కేంద్రప్రభుత్వము 2023 అక్టోబరున చేసిన ప్రకటన ప్రకారము 2024-25లో సరఫరాయందు నూటికి 29.91 పాళ్లు పునరుత్పాదక విద్యుత్తు ఉండవలెను. ఇది క్రమముగా పెరిగి 2029-30 నాటికి 43.33 పాళ్లు కావలెను. లెక్క సులభమగుటకై 30 యనుకొందము. ఒక పంపిణీ సంస్థ సరఫరా చేయు నూఱు యూనిట్లలో 30 హరితమైనవి. విధి తీరినది. ఇప్పుడా 30లోనుండియే 5 యూనిట్లను ఒక కొనుగోలుదారునకు అధికధరకు అమ్మి, నీవు హరితుడవని పత్రమిచ్చినది. దీనివలన ప్రపంచమున కేమి యొరిగినది? ఒక్క బొగ్గుబండియైన తగ్గలేదు. విధి ప్రకారము ఎటులైన నుండవలసిన 30 యూనిట్లే ఉన్నవి. సంస్థ 35 యూనిట్లను సేకరించి, 30ని విధికి జమకట్టి, మిగిలిన 5ను అమ్మినప్పుడు మాత్రమే కొనుగోలుదారుని ధనమునకు నిజమైన ఫలము కలిగినది.

ఈ భేదమును శాసనకర్తలు ఎఱుగకపోలేదు. 2022 జూనున కేంద్రము ప్రకటించిన హరిత విద్యుత్ ఓపెన్ యాక్సెస్ నియమములు, వినియోగదారుడు తన వాడకములో కొంత పాలుగాని, మొత్తముగాని హరిత విద్యుత్తును పంపిణీ సంస్థనుండి కోరవచ్చుననియు, ఆ కోరిక ఏడాదికి తక్కువ కారాదనియు చెప్పుచున్నవి. దాని టారిఫ్ వేఱుగా నిర్ణయింపబడవలెననియు, అందు పునరుత్పాదక విద్యుత్తు సగటు కొనుగోలు వ్యయమును, క్రాస్ సబ్సిడీయు, సేవావ్యయమును మాత్రమే చేరవలెననియు చెప్పుచున్నవి. అనగా వెలకు మూలము వ్యయమే కావలెనని శాసనాభిప్రాయము. పంపిణీ సంస్థ తన విధికి మించి సరఫరా చేసిన హరిత విద్యుత్తునకే ఏటేట పత్రమీయవలెనని ఒక నియమము. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని విధిబద్ధుడైన వినియోగదారుడు తన విధికి మించి కొనిన హరిత విద్యుత్తును పంపిణీ సంస్థ విధిలో జమకట్టవచ్చునని అందే మఱియొక నియమము కలదు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిడి చదివినవారికి సందేహము కలుగకమానదు. వినియోగదారుడు తన ధనముతో లోకమునకు చేసితిననుకొనిన మేలు, పంపిణీ సంస్థ తీర్పవలసిన అప్పులో జమపడిపోవుచున్నది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒక గరిసె ధాన్యమును ఇద్దఱకు అమ్మిన కోమటిని అంగడివీధి క్షమింపదు. విద్యుత్తు కంటికి కనబడదు గనుక ఇట్టి వ్యాపారమును క్షమింపవచ్చునా?

మఱియు, విధికి మించి కొనిన విద్యుత్తునకు పంపిణీ సంస్థలు సైతము ధ్రువపత్రములు పొందవచ్చును. కావున మిగులు యూనిట్టునకు వారిచేత మూడు త్రోవలున్నవి: రాబోవు ఏటి విధికై చూపుకొనుట, పత్రముగా ఎక్స్చేంజీలో అమ్ముట, గ్రీన్ టారిఫ్ క్రింద గిరాకీదారునకిచ్చుట. మూటిలో ఏదో యొకటి మాత్రమే జరిగినదని సాక్ష్యమేది? మన పంపిణీ సంస్థ ఇట్లు చేసినదని మేము నిందించుట లేదు. అట్లు చేయలేదని ఎవరును పరీక్షించి తెలిసికొనదగిన బహిరంగ లెక్క కావలెనని మాత్రమే మా వాదము.

కాలమును గూర్చిన చిక్కొకటి మిగిలినది. సూర్యుడు పగలే ప్రకాశించును. విమానములు అర్ధరాత్రియు దిగుచునే యుండును. ఏడాది మొత్తముమీద సౌరవిద్యుత్తు ఇంత, వాడకమింత, రెండును సమానమని చూపినప్పుడు లెక్క సరిపోవును. కాని రాత్రి రెండు గంటలకు శంషాబాదున వెలుగు దీపములలో అధికభాగము కొత్తగూడెము, రామగుండము, మణుగూరు బొగ్గుచేతనే వెలుగుచుండును. కార్తికమున పండిన ధాన్యమును చూపి, ఆషాఢమున ఆకలి లేదని చెప్పవలెననిన, నడుమ గాదె యుండవలెను. విద్యుత్తునకు గాదెలు ఇప్పుడిప్పుడే కట్టబడుచున్నవి. శ్రీశైలము ఎడమగట్టున 150 మెగావాట్ల ఆఱు యంత్రములు మిగులు విద్యుత్తుతో నీటిని మరల పైకి తోడి, అవసరమైనవేళ క్రిందికి విడుచుటకు వీలుగా నిర్మింపబడినవే. హరిత విద్యుత్తు పేర వసూలైన ధనము ఇట్టి నిల్వ సాధనములకు పోయినచో, ఆ ధనమునకు సార్థకత కలదు.

ఇదంతయు మన యింటి గొడవయేగదా, పత్రము చేతనున్న చాలునని పరిశ్రమాధిపతులు తలంతురేమో. చాలదు. ఐరోపా సమాఖ్య తన సరిహద్దున ఉక్కు, అల్యూమినియము, సిమెంటు, ఎరువులు మున్నగువానిపై కర్బనపన్ను పద్ధతిని 2023 అక్టోబరునుండి ప్రయోగరూపమునను, 2026 జనవరినుండి పూర్ణరూపమునను ప్రవేశపెట్టినది. విద్యుత్తువలని కర్బనమును లెక్కించుచోట, కేవలము ధ్రువపత్రమును వారు ప్రమాణముగా గ్రహింపరు. ఉత్పత్తికేంద్రముతో నేరుగా తీగ సంబంధమో, విద్యుత్తును కొను ఒడంబడికయో చూపుమందురు. సంస్థల కర్బనగణనకై 2015లో అంతర్జాతీయముగా వెలువడిన మార్గదర్శకములును, తాను కొనిన పత్రములనుబట్టి ఒక లెక్కయు, తానున్న ప్రదేశపు జాలమునందలి సగటునుబట్టి మఱియొక లెక్కయు, రెంటిని ప్రక్కప్రక్కన చూపవలెనని చెప్పుచున్నవి. మన జాలమున యూనిట్టునకు 0.7 కిలోగ్రాములకు పైగా బొగ్గుపులుసుగాలి వెలువడుచున్నదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలు తెలుపుచున్నవి. నెలకు లక్ష యూనిట్లు వాడు మన కార్ఖానాదారుని రెండవ లెక్కలో నెలకు 70 టన్నులు అట్లే నిలిచియుండును, అతడెన్ని పత్రములు కొనినను. బయటి అంగడులలో లెక్కలడుగువారు నానాటికి కఠినులగుచున్నారు. ఇచ్చట చెల్లిన నాణెము అచ్చట చెల్లనప్పుడు నష్టపోవువాడు మన పారిశ్రామికుడే.

ఇట్లనుటచేత విమానాశ్రయమువారి ప్రయత్నమును మేము చులకన చేయుటలేదు. సొంత ఆవరణమున ఫలకములు నిలిపి 10 మెగావాట్లకు పెంచుట మెచ్చదగిన పని. ఆ విద్యుత్తును గూర్చి ఎవరికిని సందేహముండదు, పుట్టినచోటు కన్నులకు కనబడుచున్నది. వారు గ్రీన్ టారిఫునకు ధనము చెల్లించుటయు సదుద్దేశమే. అట్టి సదుద్దేశమును నిజమైన ఫలముగా మార్చవలసిన బాధ్యత అమ్మువానిది, ఆ అమ్మకమును కనిపెట్టియుండవలసిన నియంత్రణ మండలిది. హైదరాబాదున 1920లో హుస్సేన్‌సాగరపు టొడ్డున బొగ్గుతో విద్యుత్తు పుట్టించుట మొదలుపెట్టిననాడు పొగ కన్నులకు కనబడెను, దీపమును కనబడెను. లెక్కకు పుస్తకము అక్కఱలేకపోయెను. నేటి హరితత్వము పుస్తకమునందే యున్నది. కావున పుస్తకము తెఱచియుండవలెను.

మా కోరికలు నాలుగు. మొదటిది: గ్రీన్ టారిఫ్ క్రింద ఏ నెల ఎన్ని యూనిట్లు అమ్మబడినవో, అవి ఏ కేంద్రములనుండి, ఏ ఒడంబడికల క్రింద, ఏ ధరకు వచ్చినవో పంపిణీ సంస్థ ప్రజలయెదుట నుంచవలెను. రెండవది: అమ్మిన ప్రతి యూనిట్టును సంస్థ విధిలెక్కనుండి తీసివేసి చూపవలెను; దానిపై ధ్రువపత్రము పొందరాదు. మూడవది: అధికధరను ఏటేట వ్యయమునుబట్టి మరల నిర్ణయింపవలెను, ఇతర రాష్ట్రపు అంకెను, పూర్వపు అంకెను ఊరక కొనసాగింపరాదు. నాలుగవది: ఆ ధనమును వేఱు పద్దున వ్రాసి, క్రొత్త ఉత్పత్తికో, నిల్వకో, పాత ప్రియధరల భారము మోసిన సామాన్యుల టారిఫ్ తగ్గింపునకో ఎంతెంత పోయినదో తెలుపవలెను. వీనిలో ఏ యొక్కటియు అసాధ్యము కాదు. టారిఫ్ ఉత్తర్వులకు ముందు మండలి ఏటేట బహిరంగ విచారణ జరుపుచునే యున్నది. ఆ విచారణలో ఈ నాలుగు ప్రశ్నలు వేయుటకు ప్రతి వినియోగదారునకును హక్కు కలదు. పారిశ్రామిక సంఘములవారు ధర తగ్గింపు కోరుటతో తృప్తిపడక, తాము కొనుచున్న సరుకేదో చూపుమని కోరవలెను. పెద్ద భవనములు, సాఫ్ట్‌వేర్ సంస్థలు, ఆసుపత్రులు ఈ పేరుకై ముందుకు వచ్చుచున్న వేళ, లెక్క మొదటనే చక్కబడకున్న, పిమ్మట చక్కదిద్దుట దుస్తరము.

గగన్‌పహాడ్ ప్రజలకు కాగితపు లెక్కకును నేల లెక్కకును గల భేదమును వేఱొకరు బోధింపనక్కఱలేదు. అచ్చటి అప్పచెఱువు రికార్డులయందు చెఱువుగనే యుండెను. నేలపై మాత్రము దాని గర్భమును కట్టడము లాక్రమించెను. 2020 అక్టోబరునాటి కుంభవృష్టికి చెఱువు తెగి, నీరు జాతీయ రహదారిపైకి పొర్లి, వాహనములను ఈడ్చుకొనిపోయి, ప్రాణములను బలిగొనెను. ఆక్రమణముల తొలగింపు 2024 ఆగస్టునకు గాని జరుగలేదు. నాలుగేండ్లు! అంతవఱకు పుస్తకమున ఒకటి, నేలపై మఱియొకటి. గాలిలో చేరు బొగ్గుపులుసుగాలియు వాననీటివంటిదే. మనము పుస్తకమున ఏమి వ్రాసికొంటిమో అది చూడదు. పుట్టినంత చేరును, చేరినంత ఫలమిచ్చును. పెరుగుచున్న ఎండలలోను, అకాలవర్షములలోను ఆ ఫలమును మన రైతు ఇప్పుడే అనుభవించుచున్నాడు. పత్రములు పచ్చనై, గాలి నల్లనై యుండిన, ఆ నష్టమునకు పరిహారమిచ్చువారెవరును లేరు. తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలివారు రాబోవు టారిఫ్ విచారణలోనైన ఈ విషయమును స్వయముగా చేపట్టి, లెక్కలను బహిరంగపఱతురని ఆశించుచున్నాము.